పుస్తకాల అర: కుంతి ఎందుకు చెప్పలేదు?

ఓ ఆదివారం పొద్దున్న మావాడు ఫోన్లో వాళ్ళ అమ్మమ్మతో, “అమ్మమ్మా, జ్యూస్‌కి కోపం వచ్చింది” అన్నాడు. “జ్యూస్‌కి కోపమేమిట్రా? పులిసిపోయిందా?” అని ఆవిడ కంగారుపడింది. అది తాగే జ్యూసు కాదనీ, మన ఇంద్రుడిలా పిడుగు పట్టుకుని తిరిగే గ్రీకు దేవతల రాజనీ నేను సర్దిచెప్పాల్సి వచ్చింది. “మరి మన దేవుళ్ళు ఏమయ్యారే?” అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ కారణం రిక్ రయోర్డన్ రాసిన ‘పెర్సీ జాక్సన్’ పుస్తకాలు. 2005లో ‘ది లైట్‌నింగ్ థీఫ్’తో మొదలైన అసలు కథ 2009లో అయిదో పుస్తకం ‘ది లాస్ట్ ఒలింపియన్’తో ముగుస్తుంది. పెర్సీకి 12 ఏళ్ళు. ఆరేళ్ళలో ఆరు బడులు మారాడు. తన తండ్రి సముద్ర దేవుడు పోసైడన్ అని అతనికే తెలియదు. దేవతలుండే ఒలింపస్ ఏమో న్యూయార్కులో, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 600వ అంతస్తులో! ఆ బిల్డింగుకి ఉన్నవి 102 అంతస్తులేనని మావాడికి తెలుసు. అయినా అక్కడికి వెళ్ళినప్పుడు లిఫ్టులో 600 మీట కోసం వెతికాడు. ఇక యమలోకం లాస్ ఏంజెలెస్‌లో ఉంటుంది. అక్కడి ట్రాఫిక్ చూసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు.

ఇవన్నీ సరదా సంగతులు. మా ఇంటి సంగతి వేరే ఉంది.

మావాడికి చదవడం కష్టం. మూడో తరగతిలో పరీక్షలు చేసి డిస్లెక్సియా అన్నారు. స్పెల్లింగ్ బీల్లో మనవాళ్ళ పిల్లలు కప్పులు తెచ్చుకుంటుంటే, నా కొడుకు అక్షరాలు తారుమారు చేస్తాడని చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. వాడు వారానికి రెండుసార్లు రీడింగ్ క్లాసుకి వెళ్తున్నట్టు ఇండియాలో ఎవరికీ చెప్పలేదు. వాణ్ణీ చెప్పొద్దన్నాను.

పెర్సీకీ డిస్లెక్సియానే. అతని మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైందట, అందుకే ఇంగ్లీషు అక్షరాలు నిలకడగా కనపడవట. కుదురుగా కూర్చోలేకపోవడం కూడా యుద్ధంలో ప్రాణం కాపాడే చురుకుదనమేనట. ఇది రచయిత ఊరికే పుట్టించింది కాదు. రయోర్డన్ బళ్ళో పంతులుగా పనిచేసినవాడు. ఆయన కొడుక్కి డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. రాత్రిపూట ఆ పిల్లాడికి గ్రీకు కథలన్నీ చెప్పేశాక, ఇంకా చెప్పమంటే అల్లిన కథే ఇది.

ఆ పేజీ దగ్గర మావాడు ఆగి, “అమ్మా, నాలాగే!” అన్నాడు. ఆడియో వింటూ, వరస కింద వేలు పెట్టుకుంటూ, ఆ పుస్తకం పూర్తి చెయ్యడానికి ఆరు వారాలు పట్టింది. వాడి డిస్లెక్సియా ఎక్కడికీ పోలేదు, రీడింగ్ క్లాసూ మానలేదు. కానీ రెండో పుస్తకం తెమ్మని వాడే అడిగాడు.

పెర్సీ చేరిన శిబిరంలో అందరూ దేవతల పిల్లలే. “వీడు నా బిడ్డ” అని ఏ దేవతా ఒప్పుకోని పిల్లలంతా ఒకే గదిలో ఇరుక్కుని ఎదురుచూస్తుంటారు. అది చదివాక మావాడు, మన కథల్లోనూ దేవతల పిల్లలున్నారా అని అడిగాడు. పాండవుల గురించి చెప్పి, కర్ణుడి దగ్గరకొచ్చాను. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన నాడు నలుగురిలో కర్ణుణ్ణి నీ కులమేమిటని నిలదీస్తే కుంతి అక్కడే ఉంది. గుర్తుపట్టి మూర్ఛపోయింది కానీ నా కొడుకని చెప్పలేదు. యుద్ధమయ్యాక, కర్ణుడు పోయాక గాని పాండవులకి చెప్పలేదు.

“ఎందుకు చెప్పలేదు?” అన్నాడు.

“నలుగురూ ఏమనుకుంటారో అని భయపడింది నాన్నా.”

“నా రీడింగ్ క్లాసులాగానా?”

వాడు దెప్పిపొడవడానికి అనలేదు. తెలుసుకుందామనే అడిగాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. “ఇందులో దాచేందుకేముందే? వాడికి చెవులున్నాయి, నాకు నోరుంది” అంది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆవిడ భారతం చెబుతుంది, వీడు గ్రీకు కథలు చెబుతాడు. జ్యూస్‌కి ఎందుకు కోపమొచ్చిందో అమ్మకీ ఇప్పుడు బాగా తెలుసు.

తల్లిదండ్రులకో మాట. తొమ్మిది పదేళ్ళు దాటిన పిల్లలకి ఇవి బాగుంటాయి. వరస తప్పకుండా చదివించండి. రాక్షసులు చచ్చినా ధూళి రాలుతుందే తప్ప పెద్దగా రక్తపాతముండదు. దేవతలకి ఇంతమంది పిల్లలెలా పుట్టారని అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి. మన పురాణాలు తెలిసినవాళ్ళకి ఆ ఇబ్బంది కొత్తేమీ కాదు. ఇవి అయ్యాక రోషనీ చోక్షి రాసిన ‘ఆరూ షా’ వరస ఉంది. 2018లో మొదలైన ఆ కథలో పాండవులు ఆడపిల్లలుగా మళ్ళీ పుడతారు.

పిల్లలూ, అయిదో పుస్తకం చివర దేవతలు పెర్సీకి పెద్ద వరమిస్తామంటారు. అతను దాన్ని కాదని వేరేదేదో అడుగుతాడు. అదేమిటో నేను చెప్పను. చదివాక మీ అమ్మానాన్నలకి చెప్పండి. వాళ్ళు కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే కంగారుపడకండి.