పన్నెండు పన్నెండ్లు... ఆ తర్వాత?

ఎక్కాలు గుర్తున్నాయా? పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. ఇప్పుడు ఈ వరుస చూడండి: 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89, 144... ముందున్న రెండింటినీ కూడితే తర్వాతిది వచ్చేస్తుంది. పన్నెండో స్థానంలో సరిగ్గా పన్నెండు వర్గం కూర్చుంది!

ఇటలీవాడైన ఫిబొనాచీ 1202లో కుందేళ్ల లెక్కగా చెప్పిన వరుస ఇది. అంతకుముందే మన ఛందస్సులో ఉంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. అయిదు మాత్రల్ని ఎన్ని విధాలుగా పేర్చవచ్చు? ఎనిమిది. ఆరైతే పదమూడు. గుజరాత్ పండితుడు హేమచంద్రుడు 12వ శతాబ్దంలోనే ఈ సూత్రం చెప్పాడు. పేరు మాత్రం ఫిబొనాచీకి దక్కింది.

ఇంతకీ ప్రశ్నేమిటంటే, 144 తర్వాత ఈ వరుసలో మరో వర్గ సంఖ్య ఉందా? 1963లో కంప్యూటర్‌తో తొలి పది లక్షల సంఖ్యల్నీ జల్లెడ పట్టారు. ఒక్కటీ దొరకలేదు. అయితే మాత్రం? పది లక్షల ఒకటోది ఉండదని పూచీ ఏమిటి?

1964లో లండన్‌లో కోన్ అనే గణితజ్ఞుడు దీన్ని తేల్చేశాడు. యంత్రంతో పని లేదు, కాగితం చాలు. అదే సూత్రంతో 1, 3లతో మొదలయ్యే మరో వరుసను పక్కన పెట్టుకున్నాడు: 1, 3, 4, 7, 11, 18, 29, 47... ఇది లూకాస్ వరుస. ఫిబొనాచీ వరుసలో 9వ సంఖ్య 34. ఒకటి కలిపితే 35, దాన్ని 7 భాగిస్తుంది. 17వది 1597. ఒకటి కలిపితే 1598, అది 47 ముప్పై నాలుగ్లు. కానీ ఏ వర్గాన్ని 7తో భాగించినా శేషం 0, 1, 2, 4లలో ఒకటే. ఒకటి కలిపితే 7 ఎన్నటికీ భాగించదు. 47కీ అంతే. కాబట్టి 34, 1597 వర్గాలు కావు. 25వ సంఖ్య 75025ను మీరే 7తో పరీక్షించండి.

ఒకే భాజకంతో అన్నిటినీ పట్టడం కుదరదు. ఒక్కో తాళానికి ఒక్కో చెవి. 4తో భాగిస్తే 1 మిగిలే స్థానాలన్నిటికీ (మొదటిది తప్ప) తగిన చెవి లూకాస్ వరుసలోనే దొరుకుతుంది. మిగతా స్థానాలకు యుక్తి కొంచెం మారుతుంది.

వర్గాల సంగతి సరే, ఘనాలో? 8 ఉంది కదా, రెండు ఘనం. అయిదో ఘాతం, ఏడో ఘాతం? ఘాతమే తెలియనప్పుడు చిక్కు ముదురుతుంది. ముంబైలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన షోరే, కెనడాకు చెందిన స్టీవార్ట్ 1983లో ఇలాంటి వరుసల్లో ఘాతాలు పరిమితంగానే ఉంటాయని నిరూపించారు. హంగరీలో పెథో విడిగా అదే తేల్చాడు. పరిమితమే కానీ, ఆ హద్దు కంప్యూటర్ ఒక్కొక్కటీ చూడగలిగేది కాదు.

చివరికి బుజో, మిన్యోట్, సిక్సెక్ అనే ముగ్గురు ఆ పాత పద్ధతికి ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని ఛేదించిన కొత్త ఆయుధాన్ని జత చేశారు. 2006లో ఫలితం అచ్చయింది. సున్నా, ఒకట్లను పక్కన పెడితే అనంతమైన ఆ వరుస మొత్తంలో ఉన్న ఘాతాలు రెండే: 8, 144.