కర్మాగారం మూతపడినా వీడని పాదరసం

తమిళనాడులోని కొడైకెనాల్‌లో పాదరస థర్మామీటర్ల కర్మాగారం 2001 మార్చిలో మూతపడింది. అక్కడి సరస్సులోను, చేపలలోను మాత్రం పాదరసం ఉన్నట్లు శాస్త్రీయ పరిశీలనలో వెల్లడైంది. పరిశ్రమకు తాళం వేసినంత మాత్రాన కాలుష్యం తొలగిపోదనడానికి, నీటిని మాత్రమే పరీక్షించి సరస్సు సురక్షితమని నిర్ధారించరాదనడానికి ఈ ఉదంతమే నిదర్శనం.

1980ల ప్రథమార్ధంలో అమెరికా నుంచి తరలివచ్చిన ఈ కర్మాగారం, అనంతరం హిందుస్థాన్ లీవర్ (నేటి హిందుస్థాన్ యూనిలీవర్) చేతికి వచ్చింది. ముడి పాదరసం ప్రధానంగా అమెరికా నుంచి దిగుమతి అయ్యేది. తయారైన థర్మామీటర్లు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. కొండపై మిగిలినవి వ్యర్థాలే. పాదరసం అంటిన గాజు ముక్కలు పట్టణంలోని పాత సామాన్ల దుకాణంలో బయటపడటంతో స్థానికులలో ఆందోళన చెలరేగి, ఉత్పత్తి నిలిచిపోయింది. 2003లో 290 టన్నుల వ్యర్థాలను సంస్థ అమెరికాకు పంపింది. 2016లో 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందం కుదుర్చుకుంది. కాగా, కర్మాగారం వెలుపల పర్యావరణానికి హాని జరగలేదన్నది సంస్థ వాదన.

హైదరాబాదులోని అణుశక్తి విభాగం ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు భిన్నంగా ఉంది. కర్మాగారం గాలిలోకి విడిచిన పాదరసం వల్లనే సరస్సు కలుషితమైందని వారు తేల్చారు. లీటరు నీటిలో 356 నుంచి 465 నానోగ్రాముల పాదరసం కనిపించింది. తాగునీటిలో భారతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పరిమితి 1,000 నానోగ్రాములు. ఈ లెక్కన సరస్సు నీరు పరీక్షలో నెగ్గినట్లే! కానీ అడుగు మట్టిలోను, చేపలలోను పాదరసం బయటపడింది.

ఇందులో వైరుధ్యమేమీ లేదు. లోహాలు సేంద్రియ వ్యర్థాల వలె కుళ్లి నశించవు. సరస్సు అడుగున చేరిన పాదరసాన్ని అక్కడి సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నాచులోకి, నాచును తినే జీవులలోకి, వాటిని తినే చిన్న చేపలలోకి, చివరకు పెద్ద చేపలలోకి చేరుతూ, ప్రతి మెట్టులోను సాంద్రత పెంచుకుంటుంది. నీటిలో కొద్దిపాటిగా ఉన్నది చేప కండలో వేల, లక్షల రెట్లు కావచ్చు. కడిగినా, వండినా అది పోదు. గర్భిణులు అటువంటి చేపలను తరచుగా తింటే శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. 1956లో జపాన్‌లోని మినమాటాలో వెలుగు చూసిన విషాదానికి మూలం ఇదే.

ఆ పట్టణం పేరిట 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను భారత్ 2018లో ధ్రువీకరించింది. పాదరస వినియోగాన్ని తగ్గించడం భవిష్యత్తుకు రక్షణ. ఇప్పటికే సరస్సుల అడుగున పేరుకున్న దాని మాటేమిటి? చేప పేదలకు చవకగా లభించే పోషకాహారం. వేలాది కుటుంబాలకు జీవనాధారం. కనుక భయం గొలిపి చేపలను మాన్పించడం పరిష్కారం కాదు. పారిశ్రామిక ప్రాంతాల సరస్సులలో నీటితో పాటు అడుగు మట్టిని, చేపలను కూడా క్రమం తప్పక పరీక్షించి, ఫలితాలను స్థానిక భాషలో ప్రజల ముందుంచాలి. ఆ వ్యయాన్ని కలుషితం చేసిన వారి నుంచే రాబట్టాలి. లేనిపక్షంలో లాభం ఎగుమతిదారుకు, నష్టం చేప తినేవారికి మిగులుతుంది.