సత్రంలో ఐదేళ్లు

హిందీలో బేర్ అంటే రేగు, సరాయ్ అంటే సత్రం. దక్షిణ ఢిల్లీలో జేఎన్‌యూ పాత క్యాంపస్‌కు ఎదురుగా ఉన్న బేర్ సరాయ్‌లో ఇప్పుడు రేగుచెట్ల కంటే జిరాక్స్ మిషన్లే ఎక్కువ. సత్రం మాత్రం సత్రమే. సివిల్స్ కోసం ఒక్క ఏడాదని చెప్పి దిగినవాళ్లు, మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోని గదుల్లో నాలుగైదేళ్లు ఉండిపోతారు.

ఇక్కడ అమ్ముడయ్యే అసలు సరుకు పుస్తకం కాదు, దస్తూరి. ర్యాంకు కొట్టినవారి నోట్సుకు కాపీ, ఆ కాపీకి మళ్లీ కాపీ. అక్షరాలు సగం అరిగిపోయినా కొంటారు. ర్యాంకు అంటువ్యాధి లాంటిదనీ, కాగితం ద్వారా సోకుతుందనీ గట్టి నమ్మకం. నాలుగు మార్కుల తేడాతో ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోయినవాడూ అంత శ్రద్ధగానే నోట్సు రాసుకుని ఉంటాడు. దాన్ని అడిగే నాథుడుండడు.

ఉదాహరణల సంగతీ అంతే. 2017 సివిల్స్‌లో దేశానికే ప్రథముడైన మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్‌కు అది ఐదో ప్రయత్నం. 2023 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్న మహబూబ్‌నగర్ అమ్మాయి దోనూరు అనన్యా రెడ్డికి అది మొదటిది. ఊళ్లోంచి ఫోన్ చేసిన తండ్రి అనన్య పేరెత్తుతాడు. గదిలోని కొడుకు అనుదీప్ పేరెత్తుతాడు. అనుదీప్ అప్పటికే ఐఆర్‌ఎస్‌కు ఎంపికై, ఉద్యోగం చేసుకుంటూ రాశాడన్న ముక్క కొడుకు చెప్పడు. తండ్రికి తెలిస్తే ఊరుకోడు మరి! 2023 పరీక్షలో అనన్యతో పాటు ఎంపికైనవారు 1,016 మంది. దరఖాస్తులేమో ఏటా పది లక్షల లెక్కలో ఉంటాయి. మిగిలిన లక్షలమంది గురించి ఆ ఫోన్‌లో ఇద్దరూ మాట్లాడుకోరు.

2014లో జనరల్ అభ్యర్థుల అవకాశాలను నాలుగు నుంచి ఆరుకు, వయోపరిమితిని 30 నుంచి 32కు పెంచారు. పోరాడి సాధించుకున్న న్యాయమే, కాదనలేం. అయితే పెళ్లిళ్లలో, పేరంటాల్లో 'మీవాడేం చేస్తున్నాడు?' అన్న ప్రశ్నకు తల్లి జవాబు చెప్పాల్సిన కాలం కూడా దాంతోపాటే రెండేళ్లు పెరిగింది. 'ఢిల్లీలో ప్రిపేరవుతున్నాడు' అని పాతికేళ్లప్పుడు నలుగురికీ వినబడేలా చెప్పిన మనిషే, ముప్ఫై దాటాక అదే మాటను వడ్డన హడావుడిలో కలిపేస్తుంది. ఎకరం అమ్మి పంపిన డబ్బుల లెక్క ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడమే వాడికి ఎక్కువ బరువు.

చివరి అటెంప్టూ అయ్యాక గది ఖాళీ చేసేటప్పుడు బట్టల సంచీ తేలికే, పుస్తకాల మూటే కదలదు. సెకండ్ హ్యాండ్ దుకాణంలో ఎంతిస్తే అంతకు వదిలేసి రైలెక్కుతారు. వారం తిరక్కుండా కరీంనగర్ నుంచో కాకినాడ నుంచో దిగిన కుర్రాడొకడు అదే పుస్తకాన్ని సగం ధరకు బేరమాడి, మురిసిపోతూ పట్టుకెళతాడు. ముఖ్యమైన వాక్యాల కింద గీతలు ముందే గీసి ఉన్నాయిగా!