మెరుగు – విలువ

2001లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ వెలువరించిన సెవెన్ సిరీస్ కారు ఆకృతి తీవ్ర విమర్శకు గురైంది. ముఖ్యంగా దాని డిక్కీ మూత పలువురికి రుచించలేదు. 2005లో సంస్థ ముందు దీపాలను, డిక్కీని సరిదిద్దింది. ఒక ప్రధాన రకంలో 4.4 లీటర్ల ఇంజనుకు బదులు 4.8 లీటర్ల ఇంజనును అమర్చింది.

ఇటువంటి నడికాలపు సంస్కారం తగ్గుతున్న అమ్మకాలకు ఊపునిస్తుంది. పాత కారు యజమానికి మాత్రం అది నష్టం. బండి చెడిపోకున్నా దాని ముఖమే వయసును చాటుతుంది; తిరిగి అమ్మబోతే ధర పలకదు.

మేలైన ఇంజను వచ్చినందున పాతదాని ధర తగ్గడం న్యాయమే. కేవలం దీపాలు మారినందుకు తగ్గితే అది లోకుల మోజుకు యజమాని చెల్లించే మూల్యం. వివేకి ఈ భేదమెరిగి, మెరుగును కాక గుణాన్ని వెలకట్టాలి.