కావలివాని మత్తు

2023 ఏప్రిల్ చివరలో అస్సాం ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ ఒక ప్రకటన చేశారు. రాష్ట్ర పోలీసు శాఖలో మద్యానికి బానిసలైనవారు దాదాపు 300 మంది ఉన్నారనీ, వారికి స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చి, ఆ స్థానాల్లో కొత్తవారిని నియమిస్తామనీ తెలిపారు. అప్పట్లో హోంశాఖ కూడా ఆయన చేతిలోనే ఉండేది. తన శాఖ రోగాన్ని పాలకుడే బయటపెట్టడం అరుదు. తుపాకీ ధరించినవాడు మత్తులో ఉంటే ప్రజలకు ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఆ మేరకు ఈ నిర్ణయం సబబే.

కానీ విరమణ పొందిన మనిషి వెళ్లేది ఇంటికే కదా! రాత్రి కాపలాలు, సెలవు దొరకని పండుగలు, ప్రమాద స్థలాల్లో శవాల నడుమ గడిచిన గంటలు – ఇవేవీ మద్యాన్ని ధర్మసమ్మతం చేయవు. అయినా ఆ అలవాటుకు దారితీసిన బరువులు అవే. ఉద్యోగం పోతుందన్న భయంతో ఇల్లాలు ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకునే నాటికి అతని కాలేయం చెడిపోయి ఉంటుంది.

మరో విషయం ఇంటివారు తప్పక తెలుసుకోవాలి. దీర్ఘకాలం విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు రావచ్చు. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. తౌబా చేయించి గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోదు, వైద్యుని పర్యవేక్షణ కావాలి. కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ నంబరు 14446కు రోగి తరఫున భార్య గానీ, తల్లి గానీ ఫోన్ చేయవచ్చు.