చింతపండు చారూ, ఫ్లోరిన్ నీళ్ళూ

"రోజూ చింతపండు తింటే ఫ్లోరిన్ నొప్పులు తగ్గుతాయట, నిజమేనా?" అని అడిగేవారున్నారు. మాట బొత్తిగా గాలివాటుది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 18 మంది ఆరోగ్యవంతులైన మగపిల్లలకు 18 రోజులపాటు, పూటకూళ్ళ లెక్కన కాదు, తూకం వేసి మరీ, మధ్యాహ్నం అన్నంతో 10 గ్రాముల చింతపండు పెట్టి చూశారు. మూత్రంలో రోజుకు 3.5 మిల్లీగ్రాములు పోయే ఫ్లోరైడు 4.8కి పెరిగింది. 2002లో ఆ సంగతి ప్రకటించారు.

బాగానే ఉంది. కాని ఆ పిల్లలకు నొప్పులే లేవు కదా! మూత్రంలో ఎక్కువ పోయినంత మాత్రాన వంగిన నడుం నిటారవుతుందా? పైగా చారూ పులుసూ లేని ఇల్లు మన మెట్ట ఊళ్ళలో ఏది? కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ ఆ జిల్లాలో ఈ జబ్బు ఉన్నదని రాశారు. అప్పటివారు చింతపండు ఎరగనివారా?

ఒక ఊరికి సాగర్ నీళ్ళు వచ్చిన ఏడాదే చింతపండు వైద్యమూ మొదలైందనుకోండి. నొప్పులు తగ్గితే పేరు దేనికివ్వాలి? నీళ్ళు మాత్రమే మారిన పక్క ఊరితో పోల్చి చూడందే తేలదు.

పులుసు మానమనడం లేదు. గుంటూరు కారానికి పులుపు ఉండవలసిందే. దాన్ని నమ్ముకుని పాత బోరు నీళ్ళే పిల్లలకు పట్టకండి. కాచినా లాభం లేదు. క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిందేమో పరీక్ష చేయించండి. పక్కింటివారి బోరు బాగుందని మీది చూపించకుండా ఊరుకోకండి. ఒకే వీధిలో రెండు బోర్లకు తేడా ఉండవచ్చు.