కడుపులోని బిడ్డకు సవాయి చేటు

ధూల్‌పేట్ అనగానే వినాయక విగ్రహాలు, గాలిపటాలు గుర్తుకు వస్తాయి. పండుగ ముందు ఇంటిల్లిపాదీ రంగుల పనిలో మునిగే పేట ఇది. ఇటువంటి చోట గర్భిణీ స్త్రీ ఆస్పత్రికి వెళ్ళడం ‘నెలలు నిండాక చూద్దాంలే’ అని వాయిదా పడితే ఆశ్చర్యం లేదు. కాని ఆ వాయిదా ఒక్కొక్కప్పుడు బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

గర్భం పోయినా, బిడ్డ చచ్చి పుట్టినా దిష్టి అనో, తల్లి నుదుటి రాత అనో సరిపెట్టుకోవడం పరిపాటి. అటువంటి వాటిలో కొన్నిటికి కారణం సవాయి రోగం. డాక్టర్లు దీనినే సిఫిలిస్ అంటారు. మొదట లేచిన పుండు దానంతటదే మానిపోతుంది. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండి, మావి గుండా బిడ్డకు చేరుతుంది. బతికిన బిడ్డకైనా ఎముకలు, కళ్ళు, చెవులు దెబ్బతినవచ్చు. తల్లికి సెగ రోగముంటే బిడ్డ కళ్ళకు చీము పట్టి, సకాలంలో వైద్యం అందకుంటే చూపే పోవచ్చు.

2016లో ప్రపంచం మొత్తం మీద సుమారు 6,60,000 మంది శిశువులకు తల్లి నుంచి సవాయి సోకిందని, వారిలో 2 లక్షల మందికి పైగా గర్భంలోనో, పుట్టిన కొద్ది రోజులకో కన్నుమూశారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. విచారకరమేమంటే, సవాయికి పెన్సిలిన్ పనిచేస్తుందని 1943లోనే తేలింది. వి.డి.ఆర్.ఎల్. అనే చవకైన రక్త పరీక్షతో రోగం బయటపడుతుంది. తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ సూదిమందు ఒక్కసారి చాలు. ముదిరితే వారానికొకటి చొప్పున మూడు. తల్లి నుంచి బిడ్డకు ఈ రోగం సోకకుండా 2015లో క్యూబా, 2019లో శ్రీలంక అరికట్టగలిగాయి.

భార్యకు సూది వేయించి భర్తను వదిలేస్తే రోగం మళ్ళీ అంటుకుంటుంది. నింద ఆడదాని మీదికి నెట్టడం అన్యాయం. అనేకమంది ఇల్లాళ్ళకు ఇది భర్త ద్వారానే వస్తుంది. కనుక ఇద్దరికీ పరీక్ష, ఇద్దరికీ వైద్యం జరగాలి.

పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ధూల్‌పేట్‌కు దూరం కాదు. ప్రభుత్వ ఆస్పత్రులలోని సురక్ష క్లినిక్‌లలో ఈ వ్యాధులకు ఉచితంగా వైద్యం చేస్తారు. మూడో నెల దాటకముందే గర్భిణులందరికీ రక్త పరీక్ష జరిగేలా ఆశా కార్యకర్తలు, పేట పెద్దలు పూనుకోవాలి. ఫలితం గుట్టుగా ఉంచి, భర్తలను పిలిపించి నచ్చజెప్పే బాధ్యత వైద్య సిబ్బందిది.

మట్టి బొమ్మలో పగులును ఆరకముందే సరిచేయాలని ధూల్‌పేట్ వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కడుపులోని బిడ్డ విషయంలోనూ అంతే.